పెరూకి బ్యాగ్ సర్దుకునే ముందు: కొండకీ, వానకీ, అడవికీ జాగ్రత్తలు

పెరూ అనగానే చాలామంది ముందు ఇంకాల పాత కొండనగరం మాచు పిచ్చుకి టికెట్ కొనేసి, మిగతా ట్రిప్ అంతా దాని చుట్టూ అల్లుకుంటారు. లీమాలో దిగిన మర్నాడే కుస్కోకి ఫ్లైట్, ఆ మర్నాడు రెయిన్‌బో మౌంటెన్, తర్వాత మాచు పిచ్చు. సెలవు తక్కువగా ఉన్నవాళ్ళకి ఇది మంచి ప్లాన్‌లాగే కనిపిస్తుంది. ఒంటికి మాత్రం ఇంతకన్నా చెడ్డ ప్లాన్ లేదు. లీమా సముద్రం ఒడ్డున ఉంది. కుస్కో 3,400 మీటర్ల ఎత్తులో ఉంది. రెయిన్‌బో మౌంటెన్ దగ్గర ఎత్తు 5,000 మీటర్లు దాటుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో బాగా ఎత్తయిన అర్మ కొండే సుమారు 1,680 మీటర్లు. కుస్కోలో విమానం దిగేసరికే దానికి రెట్టింపు ఎత్తులో ఉంటాం. లేహ్‌కి వెళ్ళొచ్చినవాళ్ళకి ఆ మొదటిరోజు తలనొప్పి గుర్తుండే ఉంటుంది.

తీరం వెంట ఎడారి, మధ్యలో ఆండీస్, తూర్పున అమెజాన్ అడవి. దేనికి కావాల్సిన జాగ్రత్త దానికి ఉంది. కానీ అన్నిటికన్నా ముందు కుదుర్చుకోవాల్సింది ఏ ఊరి తర్వాత ఏ ఊరు అన్న వరుస. అది సరిగ్గా ఉంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

రెండు, మూడు వారాలు దొరికితే లీమా నుంచి బస్సులో దక్షిణానికి దిగండి. పరాకాస్, ఈకా చూసుకుని 2,300 మీటర్ల ఎత్తున్న అరెకీపాలో రెండు రాత్రులు ఉండండి. తర్వాత కోల్కా లోయ, టిటికాకా సరస్సు ఒడ్డున 3,800 మీటర్ల మీదున్న పూనో, చివరికి కుస్కో. ఇలా వెళ్తే ఎత్తు మెల్లగా అలవాటవుతుంది. కోల్కాకి వెళ్ళే దారిలో పటపంప కనుమ మాత్రం 4,900 మీటర్లుంటుంది. అక్కడ బస్సు ఆగినప్పుడు చూడండి, సంచిలోని చిప్స్ ప్యాకెట్ పగిలిపోతుందేమో అన్నంతగా ఉబ్బిపోయి ఉంటుంది. బయట గాలి పీడనం అంత తక్కువ. ఫొటో కోసం పరుగెత్తకండి. నాలుగడుగులు నడిచి, వచ్చి కూర్చోండి.

వారం రోజులే ఉందా? కుస్కో ఎయిర్‌పోర్ట్ నుంచి ఊళ్ళోకి పోకుండా నేరుగా వ్యాన్‌లో సేక్రెడ్ వ్యాలీకి దిగిపోండి. అందులోని ఒల్యాంతాయ్‌తాంబో ఊరు దాదాపు 2,800 మీటర్లు, కుస్కో కన్నా 600 మీటర్లు కింద. చాలామందికి తెలియని విషయం ఏమిటంటే మాచు పిచ్చు ఇంకా కింద, 2,430 మీటర్లే. కాబట్టి ముందు అది చూసి, తర్వాత కుస్కోకి ఎక్కి, రెయిన్‌బో మౌంటెన్‌ని అన్నిటికన్నా చివర పెట్టుకోవాలి. 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే చోటు రోజుకి 500 మీటర్లకి మించి పెరగకూడదన్నది డాక్టర్లు చెప్పే లెక్క.

ఎత్తుకి వెళ్ళిన కొత్తలో తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం మామూలే, దీన్నే ఎత్తుజబ్బు అంటారు. అవి ఉన్నంతకాలం ఇంకా పైకి ఎక్కకూడదు, అంతే. అసలు ప్రమాదం ఎలా వస్తుందో గుంపులో అందరికీ తెలిసి ఉండాలి. కూర్చుని ఉన్నా ఆయాసం వస్తుంటే, దగ్గు ఆగకపోతే, మాట తడబడుతుంటే అది మామూలు తలనొప్పి కాదు. అనుమానం వస్తే నేలమీద ఒక గీత గీసి, మడమకి బొటనవేలు ఆనిస్తూ పది అడుగులు నడవమనండి. తూలిపోతుంటే తెల్లారేదాకా చూద్దాం అనుకోవద్దు. రాత్రయినా సరే కిందికి దించాలి, ఆసుపత్రికి చేర్చాలి. ఆ మనిషిని ఒంటరిగా పంపకండి. ముందుజాగ్రత్తగా వాడే డయామాక్స్ మాత్ర గురించి ఇక్కడే డాక్టర్‌ని అడగండి. సల్ఫా మందులు పడనివాళ్ళు ఆ సంగతి తప్పకుండా చెప్పాలి. మొదటి రెండు రోజులు మద్యం, నిద్రమాత్రలు రెండూ వద్దు. ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు ఎన్ని మీటర్ల ఎత్తు వరకు వర్తిస్తుందో చదవండి. చాలా పాలసీల్లో దానికి పరిమితి ఉంటుంది, అది దాటితే కట్టిన ప్రీమియం అక్కరకు రాదు.

కోకా ఆకుల టీ హోటల్లో దిగగానే ఇస్తారు. పెరూలో అది చట్టబద్ధం. తాగితే హాయిగా ఉంటుందేమో గానీ ఎత్తుజబ్బుకి అది మందు కాదు. ఇంకో సంగతి, ఆ టీ తాగినా డ్రగ్ టెస్ట్‌లో కొకైన్ ఆనవాళ్ళు కనిపిస్తాయి. కొత్త ఉద్యోగంలో చేరబోతున్న పిల్లలు దాని జోలికి పోకపోవడం మంచిది. గుర్తుగా ఉంటుందని ఒక్క టీ ప్యాకెట్ కూడా అమెరికాకో ఇండియాకో తేవద్దు. రెండు చోట్లా నేరమే.

ఇక వాన. ఆండీస్‌లో నవంబరు నుంచి మార్చి దాకా వానాకాలం. జనవరి, ఫిబ్రవరి మరీ ఎక్కువ. అమెరికాలో చదివే మనవాళ్ళు వింటర్ బ్రేక్ అని డిసెంబరు చివర్లో బయల్దేరేది సరిగ్గా దీనిలోకే. మాచు పిచ్చుకి నడిచి వెళ్ళే ‘ఇంకా ట్రెయిల్’ (Inca Trail) దారిని ఏటా ఫిబ్రవరి అంతా మూసేస్తారు. 2010 జనవరిలో వరదకి రైలు కట్ట కొట్టుకుపోయి వేలమంది పర్యాటకులు మాచు పిచ్చు కింది ఊళ్ళో చిక్కుకుపోతే హెలికాప్టర్లలో తరలించారు. ఆ ఊరికి రోడ్డు లేదు, రైలు ఆగితే అన్నీ ఆగినట్టే. 2023 జనవరిలో ఆందోళనల వల్ల మాచు పిచ్చునే కొన్నాళ్ళు మూసేశారు. అందుకే కుస్కోకీ తిరుగు ఫ్లైట్‌కీ మధ్య కనీసం రెండు ఖాళీ రోజులు పెట్టుకోండి. చేతిలో కొంత నగదు, రెండు పూటలకి సరిపడా తిండి, రోజూ వేసుకునే మందులు ఉండాలి. కొండదారిలో బురద జారిపడి రోడ్డు మూసేస్తే, దాటి వెళ్దామని డ్రైవర్‌ని తొందరపెట్టకండి. ఇండియా నుంచి వెళ్ళేవాళ్ళకి మన వేసవి సెలవులే నయం, మే నుంచి సెప్టెంబరు దాకా అక్కడ పొడి కాలం.

పొడి కాలంలో చలి ఉంటుంది. జూన్, జూలై రాత్రుల్లో పూనోలో సున్నా కిందికి పోతుంది, చవక హాస్టళ్ళలో హీటర్ ఉండదు. ఒక్క మందపాటి జాకెట్‌ని నమ్ముకోకుండా పలచటివి మూడు పొరలు వేసుకుంటే మధ్యాహ్నం ఎండకి విప్పేయొచ్చు. మంకీ క్యాప్ తప్పనిసరి. చలిగా ఉంది కదా అని సన్‌స్క్రీన్ మానేస్తే సాయంత్రానికి ముక్కు తోలు ఊడుతుంది.

అడవిని, అంటే ప్యూర్టో మాల్డొనాడో గానీ ఇకిటోస్ గానీ, ప్రయాణం చివర పెట్టుకోండి. అక్కడికి వెళ్ళాలంటే ఎల్లో ఫీవర్ టీకా పదిరోజుల ముందే పడాలి. హైదరాబాద్‌లో నారాయణగూడ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. అరవై దాటినవాళ్ళు, గుడ్డు పడనివాళ్ళు ముందు డాక్టర్‌తో మాట్లాడాలి. అడవికి పోవడం లేదు కదా అని ఆ టీకా వేశాక ఇచ్చే పసుపు కార్డు లేకుండా వెళ్ళొద్దు. పెరూ వదిలిన ఆరు రోజుల్లోపు ఇండియాలో దిగితే కార్డు అడుగుతారు, లేకపోతే క్వారంటైన్‌లో పెట్టొచ్చు. డెంగీ, మలేరియా కూడా ఉన్నాయి గనక నిండు చేతుల చొక్కా, డీట్ ఉన్న క్రీమ్, దోమతెర. బట్టల్ని పెద్ద పాలిథిన్ సంచిలో కట్టి బ్యాగ్‌లో పెట్టండి. అయవాస్కా అనే మత్తెక్కించే మూలికల కషాయం తాగించే వాళ్ళు అక్కడ చాలామంది పిలుస్తారు. డిప్రెషన్ మందులు వాడుతున్నవాళ్ళకి అది ప్రాణాంతకం కావొచ్చు. నా మాటగా ఎవరూ తాగకపోవడమే మంచిదంటాను.

తీరంలో సముద్రం చల్లగా, లోపలికి లాగేస్తూ ఉంటుంది. భూకంపం గట్టిగా వస్తే సునామీ సైరన్ కోసం చూడకుండా ఎత్తయిన చోటికి వెళ్ళాలి. లీమాలో రోడ్డుమీద ఫోన్ తీసి చూసుకోకండి, లాక్కుపోతారు. టాక్సీలకి మీటర్ ఉండదు, ఎక్కే ముందే బేరం కుదుర్చుకోవాలి. నైట్ బస్సులో పాస్‌పోర్ట్ ఉన్న చిన్న సంచి పైన రాక్‌లో కాదు, ఒళ్ళోనే ఉండాలి.

కుళాయి నీళ్ళు తాగొద్దు. ఎత్తులో నీళ్ళు తక్కువ వేడికే మరుగుతాయి కాబట్టి పూర్తి మూడు నిమిషాలు మరిగించాలి. శాకాహారులు మాంసం వద్దంటే సరిపోదు, కూరగాయల సూప్‌ని కూడా చాలాచోట్ల కోడి రసంతోనే కాస్తారు. ‘సిన్ కాల్దో దె పోయో’ అని కూడా చెప్పండి.

ఇండియన్ పాస్‌పోర్ట్ మీద కనీసం ఆరు నెలలు చెల్లే అమెరికా, కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా లేదా షెంగెన్ వీసా ఉంటే పెరూకి వేరే వీసా అక్కర్లేదు. రూల్స్ మారుతుంటాయి, టికెట్ కొనేముందు ఎంబసీలో కనుక్కోండి. పోలీసులకి 105, అంబులెన్స్‌కి 106, ఫైర్‌కి 116. ఫోన్ పోతే ఆ నంబర్లూ పోతాయి, కాబట్టి కాగితం మీద రాసి పాస్‌పోర్ట్ కవర్లో పెట్టుకోండి. పక్కనే మీ బ్లడ్ గ్రూప్, ఇన్సూరెన్స్ నంబర్ స్పానిష్‌లో రాసుకోండి.