కొండ మీద మనిషి తప్పిపోతే – మూడో పాఠం: ఎక్కే ముందు అడగాల్సినవి

పోయిన పాఠంలో సంచి సర్దుకున్నాం: టార్చ్, అదనంగా బ్యాటరీలు, విజిల్, నీళ్లు, దుప్పటి. ఈసారి కొండ ఎక్కం. కబురు అందాక మొదటి గంటలో కింద ఏం చేయాలో చూద్దాం. అందరికీ ఓపిక తప్పేది అప్పుడే, వెతుకులాట చెడిపోయేదీ అప్పుడే.

శివరాత్రి అనుకుందాం. ఆంధ్రాలోని మందస వైపు నుంచి మహేంద్రగిరి కొండ ఎక్కినవాళ్లలో 60 ఏళ్ల మనిషి ఒకాయన తిరిగి రాలేదు. సాయంత్రం 5 దాటింది. కొడుకు ఏడుస్తున్నాడు. ఊళ్లో కుర్రాళ్లు 20 మంది కర్రలు పట్టుకుని పరుగెత్తడానికి సిద్ధంగా ఉన్నారు.

ముందు 112కి ఫోన్ చేయాలి. బ్రిటన్‌లో కొండల మీద వెతికే దళాలవాళ్లు మనలాగే జీతం లేని వాలంటీర్లు. వాళ్లు కూడా పోలీసులు పిలిచాకే బయల్దేరతారు. మనకు ఇంకో కారణం ఉంది. మహేంద్రగిరి శిఖరం ఒడిశాలోని గజపతి జిల్లాలో ఉంది. ఆయన ఎటు దిగాడో తెలియనప్పుడు రెండు వైపులా పోలీసులకు తెలియాలి.

తర్వాత కొడుకుని పక్కకు తీసుకెళ్లి, కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, ఒక్కరే అడగాలి. పదిమంది మూగితే కంగారులో నోటికొచ్చింది చెప్పేస్తాడు.

"నాన్నని ఆఖరికి ఎక్కడ చూసినావు బాబూ?"

"పైన గుడికాడండి."

"నువ్వే చూసినావా, ఎవరైనా చెప్పినారా?"

"మా బావ చెప్పినాడు. నేనైతే గెడ్డ దాటినప్పుడే చూసినాను."

ఒక్క ప్రశ్నకి రెండు చోట్లు తేలాయి: గుడి, గెడ్డ (కొండవాగు). కళ్లారా చూసిన చోటు వేరు, ఒకరు చెబితే విన్న చోటు వేరు. రెండూ టైముతో సహా నోట్‌బుక్‌లో రాసి, బావని విడిగా పిలిచి అడగాలి. చొక్కా రంగు, షుగర్ మాత్రలు, చెవులు బాగా వినిపిస్తాయా, ఫోన్‌లో ఛార్జింగ్ ఎంతుంది, ఇవన్నీ రాయాలి. ఇంట్లో గొడవేమైనా జరిగిందా అని కూడా అడగాలి. నోరు రాదు, అయినా అడగండి. దారి తప్పినవాడు పిలిస్తే పలుకుతాడు. ఎవరికీ కనపడకూడదని వెళ్లినవాడు పలకడు.

కాళ్లకి ఏం వేసుకున్నాడన్నది మరీ ముఖ్యం. నేను మొదటిసారి వెతకడానికి వెళ్లినప్పుడు తడి మట్టిలో హవాయి చెప్పు ముద్ర ఒకటి కనిపించింది. మడమ దగ్గర అరిగిపోయి గీతలు పడలేదు, వేళ్ల దగ్గర మాత్రం బాగా దిగబడింది. మిగతావాళ్లకి చూపించేలోపే వెనకాల వచ్చినవాళ్లు తొక్కేశారు. అది గెడ్డ వైపు తిరిగి ఉంది. మేం మాత్రం దారి పట్టుకుని పైకి వెళ్లాం. మేం వెతికిన మనిషి తెల్లారాక గెడ్డ పక్కనే, వణుకుతూ దొరికాడు. ముద్ర కనపడితే అందరినీ ఆపి, పక్కన పుల్ల పెట్టి పొడవు కొలిచి, ఫోటో తీసి, చుట్టూ తిరిగి వెళ్లాలి.

ఆ చలి చిన్నది కాదు. మహేంద్రగిరి ఎత్తు 1,501 మీటర్లు. 1,000 మీటర్లకి సుమారు 6 డిగ్రీలు తగ్గుతుంది. మందసలో 20 ఉంటే పైన దాదాపు 11 ఉంటుంది. చెమటకి తడిసిన పంచెతో గాలిలో రాత్రంతా ఉండడం ముసలి ప్రాణానికి చాలా ప్రమాదం.

ఇప్పుడు ఒక లెక్క వేయండి. మనిషి గంటకి 2 కిలోమీటర్లు నడుస్తాడనుకుంటే, ఎటువైపైనా వెళ్లి ఉండొచ్చు కాబట్టి, గంటలో మనం వెతకాల్సింది 12 చదరపు కిలోమీటర్లకు పైనే. రెండు గంటలయితే 50. టైము రెండింతలైతే జాగా నాలుగింతలవుతుంది. అందుకే ముందు ఆ జాగా పెరగకుండా చూడాలి. దారులు చీలే చోట, రోడ్డెక్కే చోట ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి వచ్చిపోయేవాళ్లని అడగమనాలి. కుర్రాళ్లకి కూర్చోవడం నచ్చదు. అదీ వెతకడమేనని ఓపిగ్గా చెప్పండి. కొండ బాగా తెలిసిన ముగ్గురో నలుగురో మాత్రం తేలికపాటి సంచులతో, ఆఖరిగా చూసిన చోటు నుంచి దారి వెంట, గెడ్డ వెంట చూసి రావాలి.

అరుపుల సంగతి. అందరూ ఒకేసారి అరిస్తే ఆయన జవాబు ఎవరికీ వినపడదు. గెడ్డ హోరులో అసలే వినపడదు, కాస్త దూరం జరగండి. ఒకరు విజిల్ ఊదాలి, తర్వాత నిమిషం పాటు అందరూ కదలకుండా చెవులు పెట్టి వినాలి. ఆపదలో ఉన్నవాళ్లు నిమిషానికి 6 సార్లు ఊది, నిమిషం ఆగి, మళ్లీ ఊదుతారు. మనం నిమిషానికి 3 సార్లు ఊది జవాబివ్వాలి.

వచ్చే పాఠానికి ఒక పని. మీ వీధిలో ఒకరి గురించి ఇంట్లో ఇద్దరిని విడివిడిగా అడగండి: నిన్న ఆఖరికి ఎక్కడ చూశారు, ఎన్నింటికి, ఏ చొక్కా, ఏ చెప్పులు. రెండు జవాబులూ పక్కపక్కన రాసి ఉంచండి. వాటితోనే మొదలుపెట్టి, దొరికిన మనిషిని డోలీలో ఎలా దించాలో చూద్దాం.