గోలి పనిచేయట్లేదని డోసు పెంచబోతున్నారా? ముందు ఇవి చూసుకోండి

అంగస్తంభన కోసం వాడే సిల్డెనాఫిల్, టడలాఫిల్ గోలీలు కొన్నేళ్లు బాగానే పనిచేసి, తర్వాత తర్వాత ఫలితం ఇవ్వట్లేదనే మగవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లలో ఎక్కువమంది వెంటనే 50 ఎంజీని 100 చేస్తారు. అదీ చాలకపోతే మెడికల్ షాపులో ఇంకో పేరున్న గోలి అడిగి తెచ్చుకుంటారు. ప్రమాదం మొదలయ్యేది అక్కడే. ఈ మందులకు ఒళ్లు అలవాటుపడి లొంగకుండా పోతుందని గట్టి రుజువేమీ లేదు. వేసుకునే పద్ధతి, పక్కన వాడుతున్న ఇంకో మందు, లోపల ముదురుతున్న షుగర్ లేదా గుండె జబ్బు, కొన్న సరుకు, మనసులో పట్టుకున్న భయం, వీటిలో ఏదో ఒకటి మారి ఉంటుంది. అదేదో తేల్చుకోకుండా డోసు పెంచితే దుష్ప్రభావాలు పెరుగుతాయి, అసలు జబ్బు మాత్రం అలాగే ఉండిపోతుంది.

మొదట మందుల డబ్బా తెరవండి

ఛాతీ నొప్పికి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్, రోజూ వేసుకునే ఐసోసార్బైడ్ మోనోనైట్రేట్, నైట్రోగ్లిసరిన్, నికోరాండిల్, వీటిలో ఏ ఒక్కటి వాడుతున్నా సిల్డెనాఫిల్ గానీ టడలాఫిల్ గానీ అస్సలు ముట్టుకోకూడదు. రెండు రకాలూ రక్తనాళాలను వదులు చేసేవే. కలిస్తే బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. సిల్డెనాఫిల్ వేసుకున్న 24 గంటల దాకా, టడలాఫిల్ అయితే 48 గంటల దాకా నైట్రేట్లు అనే ఈ ఛాతీ నొప్పి మందులు పడకూడదు. మన ఇళ్లలో ఛాతీ పట్టేసిందనగానే పెద్దాయన డబ్బాలోంచి సార్బిట్రేట్ తీసి నాలుక కింద పెట్టించే అలవాటు ఉంది. ఈ గోలి వేసుకున్న రాత్రి ఛాతీలో నొప్పి వస్తే అది పెట్టుకోవద్దు. 108కు ఫోన్ చేసి, వచ్చినవాళ్లకు ఏ గోలి, ఎన్ని ఎంజీ, ఎన్నింటికి వేసుకున్నదీ చెప్పేయండి. ఆ ఒక్క మాట దాచడం వల్లే తప్పు మందు పడుతుంది.

ప్రొస్టేట్ వాపుకు మూత్రం సాఫీగా రావడానికి ఇచ్చే టామ్సులోసిన్ లాంటి మందులతోనూ బీపీ తగ్గి, లేవగానే కళ్లు తిరగొచ్చు. ఆ మందు వాడే వాళ్లకు అంగస్తంభన గోలిని డాక్టరు తక్కువ డోసుతో మొదలుపెడతారు. ఇంకో తిరకాసు ఉంది. ప్రొస్టేట్‌కు రాసే కొన్ని గోలీల్లో టడలాఫిల్ 5 ఎంజీ ముందే కలిసి ఉంటుంది. ఆ సంగతి తెలియక సిల్డెనాఫిల్ కూడా వేసుకుంటే ఒకే రకం మందు రెండు పేర్లతో పడినట్టు. స్ట్రిప్ వెనక చిన్న అక్షరాల్లో ఉండే మందు పేరు చదవండి, పైన పెద్దగా ఉండే బ్రాండు పేరు చూసి ఊరుకోవద్దు. డపాక్సెటిన్ కలిపిన గోలీలు కూడా షాపుల్లో ఉన్నాయి. అది శీఘ్రస్ఖలనానికి వాడేది, స్తంభనకు పనికిరాదు. డిప్రెషన్ మందులు వాడేవాళ్లు తీసుకుంటే ప్రమాదం కూడా.

బిర్యానీ తిన్న రాత్రి

గోలి పనిచేయలేదనే మాటల్లో చాలావరకు వాడకంలో తప్పులే. సిల్డెనాఫిల్ ఖాళీ కడుపున గంటలో రక్తంలో పూర్తిగా చేరుతుంది. నెయ్యి, నూనె దండిగా ఉన్న భోజనం తర్వాత వేసుకుంటే ఇంకో గంట ఆలస్యమవుతుంది, గరిష్ఠంగా చేరే మోతాదు కూడా దాదాపు 29 శాతం తగ్గుతుంది. పెళ్లి విందులో బిర్యానీ, రంజాన్ రాత్రుల్లో హలీమ్, పొద్దున్నే నిహారీ, పాయా తిని వెంటనే గోలి వేసుకుంటే అది మొద్దుబారినట్టే అనిపిస్తుంది. తేలిగ్గా తిని రెండు గంటలు ఆగి వేసుకోవాలి. ఆ తర్వాత గంట సేపు ఓపిక పట్టాలి. టడలాఫిల్‌కు తిండితో పేచీ లేదు గానీ అది నెమ్మదిగా ఎక్కుతుంది, రెండు గంటలైనా పట్టొచ్చు. ప్రభావం మాత్రం 36 గంటల దాకా ఉంటుంది. రోజూ 5 ఎంజీ వేసుకునే పద్ధతిలో రక్తంలో స్థాయి నిలదొక్కుకోవడానికే దాదాపు 5 రోజులు కావాలి. మొదటి రాత్రికే తీర్పు చెప్పేయకూడదు.

గోలి తనంతట తాను స్తంభన తేలేదు. కోరిక కలిగినప్పుడు నరాల చివరలు, రక్తనాళాల లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్‌ను వదులుతాయి. దాంతో తయారయ్యే సీజీఎంపీ అనే పదార్థం కండరాన్ని వదులు చేసి రక్తాన్ని లోపలికి రానిస్తుంది. ఆ సీజీఎంపీని విరిచేసే ఎంజైమును అడ్డుకోవడమే ఈ గోలి చేసే పని. కాబట్టి ముద్దూ మురిపెం లేకుండా టీవీ చూస్తూ ఎదురుచూస్తే ఏమీ జరగదు. ఈ రాత్రి కూడా విఫలమవుతానేమోనన్న భయం ఉన్నా అంతే. ఆందోళనలో ఒళ్లంతా ఆడ్రినలిన్ పారి నాళాలు బిగుసుకుంటాయి, గోలి దాన్ని గెలవలేదు. తెల్లవారుజామున స్తంభన గట్టిగానే వస్తూ, భార్య దగ్గర మాత్రమే పోతుంటే శరీరం కన్నా మనసు వైపే ఎక్కువగా చూడాలి.

మద్యం మోతాదు మించితే నరాల సంకేతం మందగిస్తుంది, ఈ గోలితో కలిసి బీపీనీ దించుతుంది. డాక్టరు చెప్పిన డోసులో, సరైన పద్ధతిలో, వేర్వేరు రోజుల్లో కనీసం ఆరు నుంచి ఎనిమిది సార్లు వాడి చూశాకే ఈ మందు పనిచేయట్లేదని అనుకోవాలి. ఒకే రోజు రెండోసారి వేసుకోవద్దు.

కొత్తగా మొదలైన మందు ఏదైనా ఉందా?

ఫలితం ఒక్కసారిగా పోతే ఈ ప్రశ్నే ముందు వేసుకోవాలి. టీబీ కోర్సులోని రిఫాంపిసిన్ కాలేయంలో ఎంజైములను పెంచి ఈ గోలీలను త్వరగా కరిగించేస్తుంది. రోజుకు 600 ఎంజీ రిఫాంపిసిన్ వాడితే రక్తంలో ఉండాల్సిన మొత్తం టడలాఫిల్ 88 శాతం తగ్గుతుంది. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, కార్బమజపిన్‌లతోనూ ఇదే తంతు. బీపీకి ఇచ్చే అటెనలాల్, మెటోప్రొలాల్, క్లోర్‌థాలిడోన్, డిప్రెషన్‌కు ఇచ్చే ఎస్సిటలోప్రామ్, పారాక్సెటిన్, జుట్టు రాలకుండా వాడే ఫినాస్టరైడ్, ఇవి కొందరిలో స్తంభననో కోరికనో తగ్గిస్తాయి. అలాగని వాటిని మీకు మీరే ఆపకండి. అటెనలాల్, మెటోప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్ మందును హఠాత్తుగా మానేస్తే గుండెకే దెబ్బ. మార్చడానికి వేరే మందులు ఉన్నాయి, అది రాసిచ్చిన డాక్టరు పని.

దీనికి పూర్తి వ్యతిరేకంగా, తామరకు వాడే ఇట్రాకొనజోల్, క్లారిత్రోమైసిన్ యాంటీబయాటిక్ ఈ గోలి స్థాయిని రక్తంలో పెంచేస్తాయి. పాత డోసే అప్పుడు ఎక్కువ డోసైపోతుంది.

షుగర్, గుండె

ఫలితం నెలల తరబడి కొంచెం కొంచెంగా జారిపోతుంటే అది నిర్లక్ష్యం చేయగూడని సూచన. షుగర్ ఎక్కువ కాలం అదుపులో లేకపోతే నరాలూ దెబ్బతింటాయి, నాళాల లోపలి పొరా దెబ్బతింటుంది. నైట్రిక్ ఆక్సైడే తగ్గిపోయాక గోలి కాపాడడానికి ఏమీ మిగలదు. అందుకే షుగర్ ఉన్నవాళ్లలో ఈ మందులు మొదటినుంచీ తక్కువగానే పనిచేస్తాయి. ప్రొస్టేట్ క్యాన్సర్ ఆపరేషన్‌లో నరాలు తెగినవాళ్లదీ ఇదే పరిస్థితి.

అంగానికి వెళ్లే రక్తనాళం వెడల్పు 1 నుంచి 2 మిల్లీమీటర్లు, గుండె నాళాలది 3 నుంచి 4. కొవ్వు పేరుకోవడం మొదలైతే కాల్వ చివరి భూములకే ముందు నీళ్లు ఆగినట్టు, సన్ననిదే ముందు ఇబ్బంది పడుతుంది. స్తంభన లోపం బయటపడిన రెండు నుంచి అయిదేళ్లలో గుండె జబ్బు లక్షణాలు కనిపించడం తరచూ జరిగేదే. నలభై దాటినవాళ్లు, అందులోనూ సిగరెట్, గుట్కా, ఖైనీ అలవాటున్నవాళ్లు 100 ఎంజీ స్ట్రిప్ కొనేముందు బీపీ, కొలెస్ట్రాల్, మూడు నెలల సగటు షుగర్ చూపించే హెచ్‌బీఏ1సీ, ఈసీజీ చేయించుకోవడం మేలు. దగ్గర్లోని బస్తీ దవాఖానాలో రక్తం ఇస్తే తెలంగాణ డయాగ్నొస్టిక్స్ ద్వారా పరీక్షలు ఉచితంగా చేస్తారు. రెండు అంతస్తుల మెట్లు ఆగకుండా ఎక్కితే ఛాతీలో బరువో, మామూలుగా లేని ఆయాసమో వస్తుంటే గోలి పక్కన పెట్టి ముందు గుండె డాక్టర్ని కలవండి. గత ఆరు నెలల్లో గుండెపోటో పక్షవాతమో వచ్చినవాళ్లూ ఆయన అనుమతి లేకుండా వేసుకోకూడదు.

వారానికి నాలుగు రోజులు, రోజుకు 40 నిమిషాల చొప్పున చెమట పట్టేలా నడిస్తే ఆరు నెలల్లో నాళాల పనితీరు మెరుగవుతుంది. గోలికి తిరిగి బలం రావడానికి మీ చేతిలో ఉన్న గట్టి మార్గం ఇదీ, పొగాకు మానడమూ.

కోరికే తగ్గిపోతే టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్ స్థాయి చూడాలి. పొద్దున పరగడుపున, 11 గంటల్లోపు రక్తం ఇవ్వాలి, తక్కువ వస్తే ఇంకో రోజు మళ్లీ చేయించాలి. హైటెక్ సిటీలో రాత్రి షిఫ్టులు చేసేవాళ్లు నిద్ర లేచిన రెండు మూడు గంటల్లోపు ఇవ్వాలి, లేకపోతే అంకె తప్పుగా వస్తుంది. పిల్లలు కావాలనుకునేవాళ్లు టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లు తీసుకోవద్దు, అవి వీర్యకణాల తయారీని అణిచేస్తాయి.

కొన్న సరుకు

ఇవి డాక్టరు చీటీ మీదే అమ్మాల్సిన షెడ్యూల్ హెచ్ మందులు. బిల్లు తీసుకోండి, బ్యాచ్ నంబరు, గడువు తేదీ బిల్లుతో సరిపోయాయో చూడండి. విడిగా కత్తిరించి ఇచ్చిన గోలి, అచ్చుతప్పులున్న అట్టపెట్టె, కొరియర్‌లో వచ్చే పేరులేని స్ట్రిప్ వద్దే వద్దు. నకిలీ దాంట్లో మందు లేకపోవచ్చు, రెట్టింపు కూడా ఉండొచ్చు. అనుమానం వస్తే తెలంగాణ డ్రగ్స్ కంట్రోల్ అడ్మినిస్ట్రేషన్ టోల్‌ఫ్రీ నంబరు 1800-599-6969కు చెప్పండి. గుప్త రోగాలంటూ గోడల మీద పోస్టర్లు వేసేవాళ్లు, రోడ్డు పక్క గుడారాల్లో మూలికలు అమ్మేవాళ్లు ఇచ్చే పొడులు అరగంటలో పనిచేశాయంటే సంతోషించకండి. ఇలాంటి మూలికా ఉత్పత్తుల్లో సిల్డెనాఫిల్ కలిపి అమ్మిన సంగతి అనేక దేశాల తనిఖీల్లో బయటపడింది. గుండె మందులు వాడే మనిషికి అది తెలియకుండా మింగే విషమే. మంచి గోలి అయినా ఏప్రిల్, మే ఎండల్లో బండి డిక్కీలోనో కారు డాష్‌బోర్డులోనో పెడితే చెడిపోతుంది. 30 డిగ్రీలు దాటని, తడి లేని చోట ఉంచాలి.

ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాల్సినవి

స్తంభన 4 గంటలు దాటినా తగ్గకపోవడం, ఒక కంటి చూపో చెవి వినికిడో హఠాత్తుగా పోవడం, ఛాతీ నొప్పి, స్పృహ తప్పడం. తలనొప్పి, ముఖం ఎర్రబారడం, ముక్కు దిబ్బడ, సిల్డెనాఫిల్‌తో కాసేపు నీలంగా కనిపించడం, టడలాఫిల్‌తో నడుం నొప్పి సాధారణమే. వీటిని డాక్టరుకు తర్వాత చెప్పినా చాలు.

హైదరాబాద్‌లో ఉస్మానియా, గాంధీ, నిమ్స్ ఆసుపత్రుల్లో యూరాలజీ విభాగాలున్నాయి. ఓపీకి వెళ్లేటప్పుడు వాడుతున్న స్ట్రిప్పులన్నీ, పాత రిపోర్టులు, గోలి వేసుకున్న రోజు, టైము, తిన్నది, ఫలితం రాసుకున్న కాగితం పట్టుకెళ్లండి. వీలైతే భార్యాభర్తలిద్దరూ వెళ్లండి. పద్ధతి సరిదిద్దినా, మందు మార్చినా ఫలితం లేకపోతే రక్తప్రవాహం చూసే డాప్లర్ స్కాన్ చేస్తారు. ఆ తర్వాత వాక్యూమ్ పంపు, అంగంలోకి సన్నని సూదితో ఇచ్చే ఇంజెక్షన్, చివరగా ఇంప్లాంట్ ఆపరేషన్ ఉంటాయి. ఇంజెక్షన్ మొదటి డోసు ఆసుపత్రిలోనే వేసి, ఎంతసేపు నిలిచిందో చూసి, ఇంట్లో వేసుకోవాల్సిన మోతాదు నిర్ణయిస్తారు.