అమ్మమ్మ దాచిన ఊలుతో పాపాయికి క్రోషే దుప్పటి అల్లడం ఎలా?

పెట్టె అడుగున దొరికిన పాత ఊలుతో ఒక చిక్కుంది. పని మధ్యలో అయిపోతే అదే రంగు మళ్లీ కొందామన్నా దొరకదు. అందుకే ముందు డిజైన్ అనుకోకుండా, ఉన్న ఊలును బట్టి అల్లిక ఎంచుకోవాలి.

ముందు ఊలును పరీక్షించండి. ప్రతి ఉండ నుంచి జానెడు దారం లాగి రెండు చేతులా గుంజండి. పుటుక్కున తెగితే దాన్ని పక్కన పెట్టేయండి. అక్కడక్కడా దారం కొరికేసినట్టుంటే చిమ్మెట పట్టిందేమోనని అనుమానించాలి. ఆ ఉండల్ని గాలి చొరకుండా కవర్లో కట్టి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి.

లేబుల్ లేకపోతే చిన్న ముక్కను పటకారుతో పట్టుకుని సింకు మీద కాల్చి చూడండి. వెంట్రుకలు కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ల మధ్య పొడిపొడి అయితే అది అసలు ఊలు. కరిగి గట్టి పూసలా ముద్దకడితే యాక్రిలిక్. కాగితం కాలిన వాసనైతే కాటన్. ఈ రకాలను ఒకే దుప్పటిలో కలపకండి, ఉతికితే ఒక్కోటి ఒక్కోలా ముడుచుకుంటుంది.

పెట్టెలో కలరా ఉండలు వేసి ఉంటే మాత్రం కాస్త కఠినంగా ఉండాల్సిందే. వాటిలోని నాఫ్తలీన్ పసిపిల్లలకు ప్రమాదం. ఊలును కొన్నాళ్లు గాలికి ఆరబెట్టి, ఉతికాక కూడా వాసన వస్తుంటే ఎంత ముద్దొచ్చే రంగైనా పాపాయికి వద్దు.

ఉతకడానికి ఉండను విప్పి కుర్చీ వీపు చుట్టూ చుట్టండి. నాలుగు చోట్ల వదులుగా కట్టి తీస్తే చిక్కుపడదు. చల్లని నీళ్లలో కొంచెం షాంపూ కలిపి నానబెట్టండి. రుద్దితే, పిండితే ఊలు ముద్దకట్టేస్తుంది. టవల్లో చుట్టి తడి అద్ది, నీడలో ఆరేయండి.

ఇప్పుడు అల్లిక. మూల నుంచి మూలకు అల్లే పద్ధతి ఇలాంటి ఊలుకు బాగా నప్పుతుంది. ఎంత ఊలుందో అంత దుప్పటి వస్తుంది. వంటింటి కాటాలో ఊలు మొత్తం తూచి, పదో వంతు అంచుకు తీసి దాచండి. మధ్యరకం మందం దారానికి 5 మి.మీ. హుక్ (కొన వంగిన క్రోషే సూది) సరిపోతుంది.

1. 6 చైన్లు (ఒకదాంట్లోంచి ఒకటి లాగే గొలుసు కుట్లు) వేయండి. హుక్ నుంచి నాలుగో చైన్‌లోనూ, తర్వాతి రెండింటిలోనూ ఒక్కో డబుల్ క్రోషే (హుక్‌కు దారం ఒకసారి చుట్టి వేసే పొడవు కుట్టు, ఇది అమెరికన్ పద్ధతిలోని పేరు) వేస్తే మొదటి గడి అయినట్టే.
2. వెనక్కి తిప్పి, మళ్లీ 6 చైన్లతో అలాగే ఒక గడి వేయండి. దాన్ని కిందటి గడి పక్కన వదిలిన 3 చైన్ల కింది సందుకు స్లిప్ స్టిచ్‌తో (ఎత్తు పెరగకుండా కలిపే చిన్న కుట్టు) కలిపి, అదే సందులో 3 చైన్లు, 3 డబుల్ క్రోషేలు వేయండి. ఇలా వరసకో గడి పెరుగుతూ పోతుంది.
3. మిగిలిన ఊలులో సగానికి కాస్త ముందే పెంచడం ఆపండి. ఇక ప్రతి వరస మొదట్లో కొత్త గడి వేయకుండా, మూడు కుట్ల మీదుగా స్లిప్ స్టిచ్ వేసుకుంటూ చైన్ల సందు దాకా వెళ్లి అక్కడ మొదలుపెట్టండి. చివరి సందులో కొత్త గడి వేయకుండా స్లిప్ స్టిచ్‌తో ముగించండి. వరసకో గడి తగ్గుతుంది.

లేసు డిజైన్లు ఫోటోల్లో బాగుంటాయి కానీ ఆ రంధ్రాల్లో పసి వేళ్లు ఇరుక్కుంటాయి. మీ చిటికెన వేలు సులువుగా దూరుతుంటే చిన్న హుక్‌కు మారండి. కుచ్చులు, బొత్తాలు వద్దు. దారపు కొసలు 15 సెం.మీ. వదిలి, సూదితో అటూ ఇటూ దూర్చండి.

ఏడాది నిండని పాప నిద్రపోయేటప్పుడు ఏ దుప్పటీ వదులుగా కప్పకూడదు. మెలకువగా ఉన్నప్పుడు ఒళ్లో వేసుకోవడానికో, దగ్గర కూర్చుని నేల మీద ఆడించడానికో వాడండి. మిగిలిన దారం పారేయకుండా దాచండి, రేపు కుట్టు ఊడితే అతుకు వేయడానికి ఆ రంగు ఇంకెక్కడా దొరకదు.