ఆటోక్యాడ్‌లో సర్వే డ్రాయింగ్‌ని కదపకుండా ప్లాట్‌ని స్క్రీన్ మీద తిన్నగా తెచ్చుకోవడం ఎలా?

సర్వేయర్ పంపిన ఫైలు తెరవగానే మొత్తం సెలెక్ట్ చేసి, ప్లాట్ మూలని సున్నా, సున్నా దగ్గరికి మూవ్ చేసి, వంకరగా ఉందని రొటేట్ కూడా చేసేస్తారు చాలామంది. ఆ గీతలకీ నేలకీ ఉన్న లంకె అక్కడితో తెగిపోతుంది. తర్వాత రోడ్డు డ్రాయింగ్ వచ్చినా, డ్రైనేజీ లైన్ వచ్చినా దాని మీద కూర్చోదు. అందుకే డ్రాయింగ్‌ని ఉన్నచోటే వదిలేసి, యూసీఎస్‌ని, అంటే మనం గీసుకోవడానికి పెట్టుకునే ఎక్స్, వై అక్షాలని మాత్రమే తిప్పుకోవాలి.

ముందు అంకెలు చూడండి

సర్వే కోఆర్డినేట్లు మామూలుగా యూటీఎంలో, అంటే భూమిని జోన్లుగా విడగొట్టి మీటర్లలో కొలిచే గ్రిడ్‌లో వస్తాయి. హైదరాబాద్ అందులో 44వ జోన్‌లో ఉంది. చార్మినార్ దగ్గర ఈస్టింగ్ (తూర్పు వైపు కొలత) సుమారు 2.32 లక్షల మీటర్లు, నార్తింగ్ (ఉత్తరం వైపు కొలత) సుమారు 19.21 లక్షల మీటర్లు. అంటే నగరంలో ఏ సైట్ అయినా ఆరంకెల సంఖ్య ఎక్స్‌లో, ఏడంకెల సంఖ్య వైలో ఉండాలి. సర్వే ఫైళ్లలో నార్తింగ్ ముందు రాసే అలవాటు ఎక్కువ. దాన్ని అలాగే ఎక్కిస్తే ప్లాట్ అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది.

వికారాబాద్, జహీరాబాద్ పనులైతే ఇంకాస్త జాగ్రత్త. 78 డిగ్రీల రేఖాంశానికి పడమర అంతా 43వ జోన్. గీత దాటగానే ఈస్టింగ్ 1.8 లక్షల నుంచి 8.2 లక్షలకు మారిపోతుంది. సర్వేయర్ ఏ జోన్‌లో ఇచ్చాడో అడిగి, డ్రాయింగ్‌లోనే ఒక మూల రాసి పెట్టండి.

యూనిట్లు మీటర్లే. సైట్ ప్లాన్‌ని మిల్లీమీటర్లలో గీయకూడదు. నార్తింగ్ పదంకెల సంఖ్య అయిపోయి హ్యాచ్‌లు (గీతలతో నింపే భాగాలు) మొరాయిస్తాయి. గజాల లెక్క చివర్లో వేసుకోవచ్చు. ఎఫ్12 నొక్కి డైనమిక్ ఇన్‌పుట్ (కర్సర్ పక్కనే అంకెలు కొట్టే పెట్టె) కూడా ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే రెండో పాయింట్‌కి మీరు కొట్టిన అసలు కోఆర్డినేట్‌ని మొదటి పాయింట్ నుంచి దూరంగా లెక్కేసుకుంటుంది. ఆపడం ఇష్టం లేకపోతే ప్రతిసారీ ముందు # పెట్టాలి, అది ఎవరికీ గుర్తుండదు.

యూసీఎస్ తిప్పడం

పని చెడేది ఇక్కడే. మామూలుగా అందరికీ నేర్పేది మూడు పాయింట్ల పద్ధతి: మూలని క్లిక్ చేయి, ఎక్స్ వైపు ఒక హద్దు రాయిని, వై వైపు ఒక హద్దు రాయిని. చదునైన డ్రాయింగ్‌లో దీనితో ఏ ఇబ్బందీ లేదు. సర్వే పాయింట్లకు మాత్రం ఎత్తు కూడా ఉంటుంది, ఒక హద్దు రాయి 541.2 దగ్గర ఉంటే ఇంకోటి 542.7 దగ్గర. కర్సర్ ఆ రెండింటికీ స్నాప్ అయిందంటే, అంటే అతుక్కుందంటే, యూసీఎస్ నేల వాలుతో పాటు ఒరిగిపోతుంది. పై నుంచి చూస్తే తేడా ఏమీ కనిపించదు. ఆ రాళ్ల మధ్య 30 మీటర్లు ఉంటే ఒరుగు 3 డిగ్రీలకు కాస్త తక్కువ. ఆ దిశలో మీరు 30 అని కొట్టి గీసిన గోడ ప్లాన్‌లో 29.96 మీటర్లే వస్తుంది. రెండు గీతల్ని మూల దగ్గర కలిపే ఫిల్లెట్ కొడితే గీతలు ఒకే తలంలో లేవని ఆటోక్యాడ్ ఒప్పుకోదు. అప్పుడు కంగారుపడి, అన్నింటినీ ఒకే ఎత్తుకి దించేసే ఫ్లాటెన్ కొడతారు, దాంతో సర్వే లెవెల్స్ అన్నీ పోతాయి.

కాబట్టి ఇలా చేయండి. ఆస్నాప్‌జెడ్ (OSNAPZ) అని కొట్టి విలువ 1 ఇవ్వండి. ఇక స్నాప్ చేసినా పాయింట్ ఎత్తు లెక్కలోకి రాదు. యూసీఎస్ కొట్టి, ప్లాట్ మూలని క్లిక్ చేసి ఎంటర్ నొక్కండి, కేవలం మూలబిందువు మారుతుంది. మళ్లీ యూసీఎస్, జెడ్ ఆప్షన్. కోణం అడిగినప్పుడు రోడ్డు వైపు హద్దు మీద రెండు రాళ్లని వరసగా క్లిక్ చేయండి. జెడ్ అక్షం చుట్టూ తిరిగింది ఒరగడానికి వీల్లేదు, మూడు పాయింట్ల పద్ధతికి లేని భద్రత ఇదే.

నమ్మకం కోసం యూసీఎస్ఎక్స్‌డిర్ (UCSXDIR) అని కొట్టి చూడండి. చూపించే మూడు అంకెల్లో చివరిది సున్నా ఉండాలి. తర్వాత యూసీఎస్‌వైడిర్ (UCSYDIR) కూడా అంతే. 0.0004 ఉన్నా సర్లే అనుకోకండి, మళ్లీ మొదటి నుంచి చేయండి.

తర్వాత యూసీఎస్, నేమ్డ్, సేవ్. ప్లాట్ నంబరే పేరుగా పెట్టండి. పేరు పెట్టని యూసీఎస్‌ని రేపు ఇంకొకరు మళ్లీ క్లిక్ చేసి తెచ్చుకుంటారు, అది కొద్దిగా వేరేగా వస్తుంది. చివరగా ప్లాన్ కొట్టి ఎంటర్ నొక్కితే ప్లాట్ తిన్నగా నిలబడుతుంది.

పని మధ్యలో

గోడలు, పిల్లర్లు, సెట్‌బ్యాక్‌లు అన్నీ ఈ యూసీఎస్‌లోనే గీయండి. సర్వే బేరింగ్‌తో (ఉత్తరం నుంచి కుడివైపుకి కొలిచే కోణం) గీత వేయాల్సి వస్తే మాత్రం వరల్డ్‌కి, అంటే తిప్పని అసలు అక్షాలకి వెళ్లి, 90 నుంచి బేరింగ్ తీసేయండి: బేరింగ్ 60, పొడవు 45 మీటర్లు అయితే @45<30.

ఎక్స్‌రెఫ్ (లింకుగా తెచ్చే బయటి డ్రాయింగ్) తెచ్చేముందు వరల్డ్‌కి తప్పనిసరిగా వెళ్లాలి. ఇన్సర్షన్ పాయింట్ సున్నా, సున్నా అంటే ఆ క్షణంలో ఉన్న యూసీఎస్ సున్నానే, దాని వంపుతోనే వస్తుంది. కొంత భాగాన్ని వేరే ఫైలుగా రాసే డబ్ల్యూబ్లాక్‌కీ అంతే: తిప్పిన యూసీఎస్‌లో రాస్తే కొత్త ఫైలుకి అదే వరల్డ్ అయిపోతుంది, మొదట్లో తప్పించుకున్న పొరపాటు మళ్లీ వచ్చి కూర్చుంటుంది. యూసీఎస్ కొట్టి రెండుసార్లు ఎంటర్ నొక్కితే వరల్డ్ వచ్చేస్తుంది.

ఉత్తరం బాణాన్ని వరల్డ్ వై దిశలో పెట్టండి, కింద గ్రిడ్ ఉత్తరం అని రాయండి. హైదరాబాద్‌లో దానికీ నిజ ఉత్తరానికీ దాదాపు ముప్పావు డిగ్రీ తేడా. దిక్సూచి చూపేది ఇంకొకటి. వాస్తు చూసేవాళ్లు ఆ ముక్క అడుగుతారు.

మార్కింగ్‌కి ఇచ్చేముందు

వరల్డ్‌లోకి వచ్చాకే, పాయింట్ కోఆర్డినేట్ చూపే ఐడీ కొట్టి పిల్లర్ల కోఆర్డినేట్లు తీయండి. ఐడీ, లిస్ట్ రెండూ ఉన్న యూసీఎస్ లెక్కే చూపిస్తాయి. 12.45, 8.30 లాంటి చిన్న అంకెలు కనబడితే ఆ కాగితం సైట్‌కి పంపొద్దు.

ఇంకొక తేడా కూడా చూసుకోవాలి. ఇక్కడ యూటీఎం గ్రిడ్ దూరం నేల మీది టేపు దూరం కన్నా కిలోమీటరుకి సుమారు 40 సెంటీమీటర్లు ఎక్కువ. 30 మీటర్ల ప్లాట్‌లో అది సెంటీమీటరు పైచిలుకు. 500 మీటర్ల లేఅవుట్‌లో 20 సెంటీమీటర్లు అవుతుంది. దీనికోసం డ్రాయింగ్‌ని స్కేల్ చేయకండి. రెండు హద్దు రాళ్ల మధ్య టేపు కొలత తెప్పించుకుని డ్రాయింగ్‌లోని దూరంతో పోల్చి, ఇచ్చినవి గ్రిడ్ కోఆర్డినేట్లా, నేల కోఆర్డినేట్లా అన్నది సర్వేయర్‌ చేత షీట్ మీద రాయించుకోండి.