మధ్యలో విప్పితే దొరికింది

మిర్యాలగూడలో నేను చూసే రైస్ మిల్లులో 16 టెంపరేచర్ సెన్సర్లు ఒకే ఆర్‌ఎస్-485 కేబుల్ (అన్ని సెన్సర్ల రీడింగులూ ఒకే జత తీగల మీద తెచ్చే లైను) మీద ఉన్నాయి. ఒక రాత్రి అన్నీ ఒకేసారి మూగబోయాయి. పదహారూ కలిసి పాడవ్వవు కదా! అయినా టెన్షన్‌లో ముందు పీఎల్‌సీ (సెన్సర్లను చదివే కంట్రోలర్) కార్డు మార్చి రెండు గంటలు తగలేశాను.

తర్వాత 8వ సెన్సర్ తీగలు కలిపే డబ్బా దగ్గర అవతలి లైను విప్పి, లైను చివర ఉండాల్సిన 120 ఓమ్‌ల రెసిస్టర్ తాత్కాలికంగా అక్కడ పెట్టాను. మొదటి ఎనిమిదీ పలికాయి. 12 దాకా కలిపినా బాగానే ఉంది. 14 కలపగానే మళ్లీ అన్నీ పోయాయి. 13తో ఇబ్బంది లేదు.

14వ డబ్బా తెరిస్తే, వడ్లు ఉడకబెట్టే ఆవిరి దూరి రెండు టెర్మినళ్ల మధ్య పచ్చటి చిలుము! దాంతో రెండు తీగలూ కలిసిపోయి లైనంతా మూగబోయింది. టెర్మినల్ బ్లాకు మార్చి, కేబుల్ గ్లాండ్ (కేబుల్ డబ్బాలోకి దూరే చోట ఉండే బిగింపు) బిగించాను.

పొద్దున ఆపరేటర్ అన్నాడు: "గా డబ్బా మీద రోజూ నీళ్లు కారుతయ్ సార్."

రాత్రే చెప్పొచ్చు గదనే!