వానలకు ముందు వెల్డర్లకో మాట: నిన్నటి రాడ్డు వాడొద్దు

పోయిన వారం మా పక్క సైట్‌లో ఒక లిఫ్టింగ్ లగ్, అంటే క్రేన్ కొక్కెం తగిలించే చెవి, ఊడిపోయింది. 40 మి.మీ. ప్లేటుకి వేసిన వెల్డు అది. గర్డరు అడుగెత్తు లేచిందో లేదో టప్పుమంది, మళ్ళీ నేల మీద పడింది. కింద ఎవరూ లేరు కాబట్టి బతికిపోయాం. ముందు రోజు సాయంత్రం ఆ జాయింటుకి డీపీ (రంగు పూసి పైపగుళ్ళు చూసే టెస్టు) చేస్తే ఒక్క గీత కనపడలేదట. నేను వెళ్ళి చూశాను. వెల్డు నిగనిగలాడుతోంది, దాన్ని ఆనుకుని ప్లేటు చీలిపోయింది. రాడ్లు ఎక్కడివని అడిగితే ఆ వెల్డరు దాచకుండా చెప్పాడు: "నిన్న మిగిలినవే సార్, పొడిగానే ఉన్నాయి."

ఈ ఒక్క మాట వల్ల పాడైన జాయింట్లు చాలా చూశాను. తడి నేల, కరెంటు షాకు, గ్లౌజుల గురించి మీకు కొత్తగా చెప్పేదేం లేదు. నేను చెప్పేది రాడ్ల గురించే. నిన్న విప్పి బయట వదిలేసిన ప్యాకెట్టులోని రాడ్డు ఇవాళ అలాగే వాడొద్దు.

7018 అంటే హైడ్రోజన్ తక్కువ ఉండేలా చేసిన వెల్డింగ్ రాడ్డు. దాని పైపూత గాలిలోని చెమ్మను పీలుస్తుంది. మూత పెట్టని ఉప్పు డబ్బాలాగే, కాకపోతే ఇక్కడ చేతికి తెలియదు. ఆర్క్ వేడికి ఆ నీరు విడిపోయి, హైడ్రోజన్ కరిగిన ఉక్కులోకి దిగుతుంది. కరిగిన ఉక్కు పట్టినంత హైడ్రోజన్‌ని గట్టిపడ్డ ఉక్కు పట్టలేదు. కొంత బయటికి పోతుంది, మిగిలింది లోపలే చిక్కుకుంటుంది. ఇనుము పరమాణువుల సందుల్లోంచి నడిచిపోయేంత చిన్నది కాబట్టి లాగుడు ఎక్కువున్న చోటికి మెల్లగా చేరుతుంది. ఆ చోటు చాలాసార్లు వెల్డు పక్కన వేడికి గట్టిపడిన సన్నటి పట్టీ. అక్కడ ఉక్కు సాగడం మానేసి పుటుక్కున తెగుతుంది. ఈ నడకకి కొన్ని గంటలు పట్టొచ్చు, రెండు రోజులూ పట్టొచ్చు. సాయంత్రం లేని పగులు తెల్లారేసరికి ఎలా వచ్చిందని అడిగేవాళ్ళకి ఇదే జవాబు.

ఎంత హైడ్రోజన్ అంటారా? ప్యాకెట్టు మీద హెచ్4 అని ఉంటే, 100 గ్రాముల వెల్డు మెటల్‌లో 4 మిల్లీలీటర్లు దాటదని అర్థం. ఒక టీస్పూను గ్యాసు కూడా కాదు. లెక్క అంత సన్నగా ఉంటుంది.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతీ కాదు. యాసిడ్‌లో ముంచిన ఇనుప తీగ వంచితే విరుగుతుందని, విరిగిన చోట తడిపితే బుడగలు వస్తాయని 1875లోనే ఇంగ్లండులో డబ్ల్యూ. హెచ్. జాన్సన్ రాశాడు.

రాడ్ల సంగతి. అమెరికన్ వెల్డింగ్ కోడ్ డీ1.1 ప్రకారం మామూలు 7018 బయట ఉండగలిగేది 4 గంటలు. పేరు చివర 'ఆర్' అక్షరం ఉంటే 9. గడువు దాటితే 260 నుంచి 430 డిగ్రీల మధ్య కనీసం 2 గంటలు బేక్ చేసి, 120 డిగ్రీల ఓవెన్‌లో ఉంచి, అక్కడినుంచే తీసి వాడాలి. బేకింగ్ ఒక్కసారే. వానలో తడిసిన రాడ్డుకి అదీ లేదు, పారేయండి.

ప్లేటు సంగతి. వెల్డుకి ముందు వేడి చేయడానికి గ్యాస్ టార్చ్ పెట్టగానే చెమట పట్టినట్టు తడి కనపడుతుంది. ప్లేటులోని నీరు బయటికొచ్చిందని చాలామంది అనుకుంటారు. కాదు, మంటలోని ఆవిరే చల్లటి ప్లేటు మీద నీరవుతుంది. అది ఆరగానే టార్చ్ తీసేయొద్దు. ప్రొసీజర్‌లో రాసిన ప్రీహీట్ (వెల్డుకి ముందు ప్లేటుకి ఉండాల్సిన వేడి) వచ్చిందో లేదో జాయింటుకి కనీసం 75 మి.మీ. దూరంలో, వేడికి కరిగే టెంపరేచర్ చాక్‌తో చూడండి.

ఇక మిగతావి, గుర్తొచ్చిన వరసలో:

ఎండలో ఆరబెట్టొద్దు. పూతలో పట్టిన నీరు ఎండకి లొంగదు.

రాడ్డుని జాబ్‌కి అంటించి ఎర్రగా కాల్చొద్దు. పూత పగులుతుంది, అంతే.

బల్బు పెట్టిన పెట్టె ఓవెన్ కాదు.

మామూలు పనికి వాడే 6013 రాడ్లని 7018తో కలిపి బేక్ చేయొద్దు. వాటి పూతకి కొంత తేమ ఉండాలి.

పోర్టబుల్ ఓవెన్ ప్లగ్గు పీకి గ్రైండర్ పెట్టొద్దు.

ఆయిల్, పెయింటు, తుప్పు తుడవండి. వాటిలోనూ హైడ్రోజన్ ఉంది.

వేడి జాయింటు మీద నీళ్ళు పోయొద్దు. వాన చినుకు కూడా పడనివ్వొద్దు.

మందం ప్లేటుకి, గట్టి ఉక్కుకి చివరి టెస్టు 48 గంటల తర్వాతే. బిల్లు కోసం తొందరపెట్టే వాళ్ళకి ఇదే చెప్పండి.

హైటెన్సైల్ బోల్టుల గుంతల్లో నీరు నిలవనివ్వొద్దు. 2013లో అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో బే బ్రిడ్జిలో బిగించిన 96 యాంకర్ రాడ్లలో (పొడవాటి బోల్టులు, వెల్డింగ్ రాడ్లు కావు) ముప్పై రెండు కొద్ది రోజుల్లోనే విరిగాయి. కారణం హైడ్రోజనే. ఆ గుంతల్లో ఏళ్ళ తరబడి నీరు నిలిచి ఉంది.

నిన్నటి రాడ్డు వాడొద్దు. మళ్ళీ చెప్తున్నాను, వాడొద్దు.

టాకులకీ, అంటే ముక్కల్ని కదలకుండా పట్టి ఉంచే చిన్న వెల్డులకీ, వాడొద్దు. అసలు ప్రమాదం ఇక్కడే. వెల్డరు ఓవెన్ రాడ్డే తీస్తాడు, ఫిట్టరు మాత్రం జేబులోని రాడ్డుతో టాక్ కొడతాడు. టాక్ చిన్నది కాబట్టి చటుక్కున చల్లారుతుంది, మరీ గట్టిపడుతుంది, ముందు పగిలేది అదే. దాని మీదే మీ రూట్ రన్, అంటే జాయింటు అడుగున వేసే మొదటి వెల్డు, పోతుంది. రేపు పొద్దున పని మొదలెట్టే ముందు ఫిట్టరు జేబు, టూల్ బాక్స్ అడుగు చూసి, దొరికిన ప్రతి రాడ్డునీ పూత రాలగొట్టి స్క్రాపులో వేయండి.