ఫ్లైట్ క్యాన్సిల్ అయితే ఎయిర్‌లైన్ నుంచి పరిహారం రాబట్టడం ఎలా?

ఫ్లైట్ క్యాన్సిల్ అనగానే అందరూ కౌంటర్ దగ్గరికి పరుగెత్తి "నెక్స్ట్ ఫ్లైట్ ఎప్పుడు?" అని అడుగుతారు. దాంతోపాటు అక్కడే అడగాల్సింది ఇంకోటి ఉంది: "ఎందుకు క్యాన్సిల్ చేశారు? ఆ కారణం మెయిల్ చేయండి." తర్వాత మీకు డబ్బు వస్తుందా రాదా అన్నది చాలావరకు ఆ మెయిల్ మీదే ఆధారపడి ఉంటుంది.

మొదట: మీ కేసు ఏ రకమో తేల్చుకోండి

మన దేశంలో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనల ప్రకారం ఆలస్యం, రద్దు, టికెట్ ఉన్నా ఎక్కనివ్వకపోవడం మూడూ వేర్వేరు.

ఆలస్యానికి నగదు పరిహారం లేదు. కానీ రెండున్నర గంటల లోపు ప్రయాణం ఉన్న ఫ్లైట్ రెండు గంటలు లేటైతే తినడానికి, తాగడానికి ఇవ్వాలి. ఆరు గంటలు దాటేలా ఉంటే వేరే ఫ్లైట్ కావాలో, పూర్తి రీఫండ్ కావాలో మీరే చెప్పొచ్చు. రాత్రి 8 నుంచి తెల్లవారుజామున 3 గంటల మధ్య బయల్దేరాల్సిన ఫ్లైట్ ఆరు గంటలకు మించి లేటైతే హోటల్ గది ఇవ్వాలి. పసిపిల్లలతోనో, వయసైన అమ్మానాన్నలతోనో ఉంటే అస్సలు మొహమాటపడకండి, అడగండి. పిలిచి ఇచ్చేవాళ్లు తక్కువ.

రద్దు విషయంలో అసలు ప్రశ్న, మీకు ఎప్పుడు చెప్పారు అన్నది. కనీసం 24 గంటల ముందు చెప్పి, వేరే ఫ్లైటో రీఫండో ఇస్తే సంస్థ బాధ్యత తీరినట్టే. ప్రయాణానికి రెండు వారాల కన్నా తక్కువ టైము ఉండగా చెబితే మాత్రం ఆ వేరే ఫ్లైట్ మీ పాత టైముకు రెండు గంటల తేడాలో ఉండాలి. ఇలా చెప్పకుండా రద్దు చేస్తే, మీరు ఒప్పుకున్న వేరే ఫ్లైట్ ఇవ్వాలి, లేదా పూర్తి రీఫండ్‌తో పాటు పరిహారం ఇవ్వాలి. ఆ "లేదా"ను గుర్తుపెట్టుకోండి. వాళ్లిచ్చిన ఫ్లైట్ ఎక్కేశాక ఈ పరిహారం అడగడం కష్టం.

గంట లోపు ప్రయాణానికి రూ.5,000, గంట నుంచి రెండు గంటలకు రూ.7,500, అంతకు మించితే రూ.10,000. హైదరాబాద్ నుంచి విశాఖకు రెండోది, ఢిల్లీకి మూడోది వర్తిస్తుంది. అయితే బేసిక్ ఫేర్, ఫ్యూయల్ ఛార్జి కలిపి ఇంతకన్నా తక్కువైతే ఆ తక్కువ మొత్తమే ఇస్తారు. ఉదాహరణకు విశాఖ టికెట్‌కి రూ.5,200 కట్టారనుకోండి. అందులో బేసిక్ ఫేర్ రూ.3,900, మిగతాదంతా పన్నులు, ఎయిర్‌పోర్టు ఫీజులు అయితే మీకొచ్చే పరిహారం రూ.3,900. అందుకే అడిగే ముందు టికెట్‌లో ఫేర్ వివరాలు చూసుకోండి.

సీట్లకు మించి టికెట్లు అమ్మి మిమ్మల్ని ఆపేస్తే లెక్క వేరు. గంటలోపు వేరే ఫ్లైట్ ఎక్కిస్తే ఏమీ రాదు. 24 గంటల్లోపు అయితే బేసిక్ ఫేర్, ఫ్యూయల్ ఛార్జికి రెట్టింపు (గరిష్ఠంగా రూ.10,000), అది కూడా దాటితే నాలుగు రెట్లు (గరిష్ఠంగా రూ.20,000).

రెండోది: ఎయిర్‌పోర్టు వదిలే ముందే ఆధారాలు

బోర్డింగ్ పాస్, ఎస్ఎంఎస్‌లు, భోజనం, క్యాబ్, హోటల్ బిల్లులు దాచుకోండి. డిస్‌ప్లే బోర్డు ఫొటో తీయండి. వాతావరణం, ఏటీసీ (విమానాల రాకపోకల్ని నియంత్రించే విభాగం), భద్రతా కారణాలైతే పరిహారం ఉండదు కాబట్టి ఆ మాట తేలిగ్గా చెప్పేస్తారు. అదే టైములో అదే ఊరికి మిగతా సంస్థల విమానాలు వెళ్లాయని ఆ ఫొటో చూపిస్తుంది. సిబ్బంది సర్దుబాటు సంస్థ సొంత పని. 2025 డిసెంబరులో ఇండిగో ఫ్లైట్లు వేలల్లో రద్దవడానికి వెనకున్నది అదే, పైలట్ల డ్యూటీ వేళల కొత్త నిబంధనలకు సరిపడా ఏర్పాట్లు లేకపోవడం.

మన ఊళ్లలో ఏజెంట్లు బుకింగ్‌లో తమ నంబరే పెట్టేస్తుంటారు. అప్పుడు మెసేజ్ మీకు రాదు, ఎయిర్‌లైన్ మాత్రం "మేం చెప్పాం" అంటుంది. బుక్ చేయించేటప్పుడే మీ నంబరు పెట్టించండి.

రీఫండ్ బదులు వోచర్ ఇస్తామంటే ఒప్పుకోవాల్సిన పని లేదు, అది మీ ఇష్టం.

మూడోది: రాసి అడగండి

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి ఊరుకోవద్దు. మెయిల్‌లో పీఎన్ఆర్, ఫ్లైట్ నంబరు, తేదీ, మీకు ఎప్పుడు తెలిసింది, ఎంత రావాలి అన్నవి రాసి, కాపీలు జతచేయండి. కోపమంతా వెళ్లగక్కకుండా పది వాక్యాల్లో ముగించండి. జవాబు రాకపోతే అదే మెయిల్‌ని ఆ సంస్థ వెబ్‌సైట్‌లో ఉన్న నోడల్ ఆఫీసర్‌కి (ఫిర్యాదులు చూసే అధికారి), ఆ తర్వాత ఆయన పైనుండే అప్పిలేట్ అథారిటీకి పంపండి.

అక్కడా తేలకపోతే పౌర విమానయాన శాఖ వారి ఎయిర్‌సేవా పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కూడా ఉంది. చివరికి జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక మీరుండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపైతే ఫీజు లేదు. గడువు రెండేళ్లు.

విదేశీ ప్రయాణమైతే

యూరప్ నుంచి బయల్దేరే ఏ ఫ్లైట్‌కైనా, యూరప్ సంస్థల్లో అక్కడికి వెళ్లే ఫ్లైట్లకైనా ఈయూ నిబంధనలు వర్తిస్తాయి. హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కి లుఫ్తాన్సా తన తప్పు వల్ల నాలుగు గంటలకు పైగా ఆలస్యంగా చేరిస్తే 600 యూరోలు అడగొచ్చు. బ్రిటన్‌లోనూ దాదాపు ఇదే పద్ధతి, మొత్తం 520 పౌండ్లు. గల్ఫ్ సంస్థల్లో దుబాయ్, దోహా మీదుగా అమెరికా వెళ్లేవాళ్లకు ఇలాంటి నిర్ణీత మొత్తం రాదు. అంతర్జాతీయ విమాన ప్రయాణాలకు వర్తించే మాంట్రియల్ ఒప్పందం కింద, ఆలస్యం వల్ల నిజంగా అయిన నష్టాన్ని బిల్లులతో చూపించి అడగాలి. దీనికీ గడువు రెండేళ్లే. రెండు ఫ్లైట్లూ ఒకే టికెట్ మీద ఉండేలా బుక్ చేసుకోండి. విడివిడిగా కొంటే, మొదటిది లేటై రెండోది తప్పిపోయినా రెండో సంస్థను అడగడానికి ఏమీ ఉండదు.